నీలం తొమ్మిది

ల్యాబు, మెట్ల కింది గది,
సోమవారం.

పిడుగూ,

ఇక్కడ నేను క్షేమం, మిషను క్షేమం, మీ బావ కూడా క్షేమమే. అక్కడ నువ్వూ మరదలూ ఎలా ఉన్నారో తర్వాత రాద్దువుగాని. ముందు కూర్చో. నిలబడి చదివావంటే వార్డు మధ్యలో గంతులేస్తావు, మీ పెద్ద డాక్టరుగారు నిన్ను కూడా ఓ మంచం మీద పడుకోబెడతారు.

దొరికిందిరా! ఇన్నాళ్లూ మనం ఎక్కడెక్కడో వెతుకుతున్నది మన కళ్ల ముందే ఉంది.

టైలరమ్మ గుర్తుందా? గుర్తుందా అని అడగడమేంటి, నువ్వు మర్చిపోతే కదా. జ్వరం, కీళ్ల నొప్పులతో మీ వార్డులో చేరి, మీ అందరి తెల్లకోట్లకీ ఊడిన గుండీలు కుట్టిపెట్టిన మనిషి. ఆవిడ ఈఎస్ఆర్ తొంభై నుంచి నలభైకి, నలభై నుంచి ఇరవైకి దిగుతుంటే అక్కడ మీరు, ఇక్కడ నేను తెగ సంబరపడిపోయాం. ఇంటికి పంపిద్దాం అనుకుంటుండగానే మనిషి చేజారిపోయింది. రిపోర్టులన్నీ బాగుపడుతుంటే మనిషెలా పోయిందక్కా అని ఆ వారం నువ్వు రాశావు. దానికి జవాబు ఇవాళ తెలిసింది.

మీ వార్డు నుంచి వచ్చిన పాత శాంపిళ్లన్నీ ఫ్రీజరులోంచి తీసి ఫెరిటిన్ మళ్లీ కొలిచాను. ఆ అంకెని మీరు రాసి పంపిన ఈఎస్ఆర్‌తో భాగించాను. అంతే, బళ్లో పిల్లలు చేసే భాగహారం. విషమించిన వాళ్లంతా ఒక పక్కకీ, తేరుకున్న వాళ్లంతా ఇంకో పక్కకీ విడిపోయారు. నేను కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. గది చిన్నది కాబట్టి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది.

మీ బావకి టీ తాగుతూ ఇలా చెప్పాను. "ఒంటికి కాపలా కాసే కణాలుంటాయి. ఈ జబ్బులో వాటికి పూనకం వస్తుంది. దొంగ లేకపోయినా ఇంట్లో వాళ్లనే బాదేస్తాయి. ఆ గొడవ ఎంతుందో చూడటానికే ఈఎస్ఆర్. సన్నటి గొట్టంలో రక్తం నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో కొలుస్తారు. గొడవ పెరిగితే రక్తంలో ఒక జిగురు పెరుగుతుంది, కణాలు అతుక్కుని గబగబా దిగుతాయి. గొడవ మరీ ముదిరిపోతే ఆ జిగురే ఖర్చయిపోతుంది. అప్పుడు మెల్లగా దిగుతాయి, అంకె చిన్నదవుతుంది, డాక్టర్లు నార్మల్ అని రాస్తారు." మీ బావ కప్పు కింద పెట్టి, "అంటే ఇల్లు మొత్తం కాలిపోయాక పొగ తగ్గిందని సంతోషించడమా?" అన్నాడు. చెక్కబీరువాలు అమ్ముకునే మనిషికి అర్థమైందంటే మీ పెద్ద డాక్టరుగారికీ అర్థమవుతుందని నా ఆశ.

ఫెరిటిన్ మాత్రం అలా మోసం చెయ్యదు. ఇనుమును దాచి ఉంచే ఆ ప్రోటీన్, ఒంట్లో మంట పెరిగేకొద్దీ వేలల్లోకి ఎగబాకుతుంది. అది ఎక్కుతూ ఈఎస్ఆర్ దిగుతూ ఉంటే మనిషి ప్రమాదంలో ఉన్నట్టు. ఎవరికి విషమిస్తుందో ముందే చెప్పొచ్చురా! పాతవాళ్లతో సరిపోయింది. ఇప్పుడున్న వాళ్లతో సరిపోతుందో లేదో చూడాలి. జ్వరం వాళ్ల ట్యూబులకి పసుపు చీటీ అంటించు. పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న మీ సిబ్బంది రక్తం కూడా కావాలి, వాటికి నీలం చీటీ. పేర్లు వద్దు, నంబర్లే. ఈఎస్ఆర్ తాజా రక్తంతో అక్కడే చేసి కాగితం మీద రాసి పంపు. ఒక సగం నీ దగ్గర, ఒక సగం నా దగ్గర.

ఈ గదిలో ఫోను ఎలాగూ పలకదు. ఎప్పటిలాగే ఖాళీ ఐసుపెట్టె మూతలో ఈ ఉత్తరం పెట్టి వ్యానులో పంపుతున్నాను.

మీ అక్క

*

వార్డు, రెండో అంతస్తు,
గురువారం.

అక్కా,

ఉత్తరం మంచులా చల్లగా చేరింది, నేను మాత్రం వేడెక్కిపోయాను. కూర్చునే చదివాను. అయినా గంతేశాను. స్టూలు పడిపోయింది, నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

పెద్ద డాక్టరుగారికి చూపించాను. కళ్లజోడు నెత్తి మీదికి తోసి, "నార్మల్ వస్తుంటే భయపడమంటుందేమయ్యా మీ అక్క? మెట్ల కింద కూర్చుని జోస్యం చెప్తోందా?" అన్నారు. నేను టైలరమ్మ పేరెత్తాను. ఆయన తన కోటు గుండీ ఒకసారి తడుముకున్నారు. "సరే, పంపించు. చూద్దాం," అన్నారు. ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు ఆయన నోట్లోంచి ఈ జన్మకి రాదు.

పసుపు చీటీలు పంపుతున్నాను. అందులో పసుపు ఏడు మీద ఓ కన్నేసి ఉంచు. బస్సు కండక్టరు. పడుకుని కూడా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని కలవరిస్తాడు. ఈఎస్ఆర్ ఈ వారం బాగా దిగింది. పోయిన నెల వరకు నేను దీన్ని శుభవార్త అని రాసేవాణ్ణి. ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావడం లేదు. మన లెక్క తప్పయితే పరువు పోతుంది, ఒప్పయితే మనిషి దక్కుతాడు. తప్పు కాకూడదక్కా.

నీలం చీటీకి రక్తం ఇవ్వడానికి సిబ్బంది క్యూ కట్టారు. ఆరోగ్యవంతులని ముద్ర వేయించుకోవడానికి ఇంత సరదా ఏమిటో.

నేను కులాసా. గొంతు కాస్త పట్టేసింది, అంతే. నీ మరదలు డ్రాయింగు క్లాసులో పిల్లలందరికీ నా జలుబు బొమ్మ గీయించిందట, ముక్కు మాత్రం అందరూ సరిగ్గానే గీశారట.

పిడుగు

*

ల్యాబు,
శుక్రవారం.

పిడుగూ,

ఈ ఉత్తరం అందకముందే నీకు ఫోనులో చెప్పేశాను. మెట్లెక్కి వీధిలోకి వెళ్లి, లారీల హోరులో అరిచి మరీ చెప్పాను కదా. అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నాను: పసుపు ఏడు ప్రమాదంలో ఉన్నాడు. ఈఎస్ఆర్ దిగింది, ఫెరిటిన్ మిషను పరిమితి దాటిపోయింది. శాంపిల్ పలచన చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. భాగిస్తే వచ్చిన అంకె టైలరమ్మ అంకె పక్కనే కూర్చుంది.

మందు ఇప్పుడే మొదలుపెట్టించు. పెద్ద డాక్టరుగారు గొణిగితే నా మీద తోసెయ్యి. నాకు రెండు పూటలా భోజనం సహించలేదు, మీ బావ కూడా నాకు తోడుగా మానేశాడు, ఆయన ఆకలికి ఆగలేడు పాపం.

మీ అక్క

*

వార్డు,
గురువారం.

అక్కోయ్!

గట్టెక్కాడు! కండక్టరు గట్టెక్కాడు! నీ ఫోను వచ్చిన సాయంత్రమే పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మొదలుపెట్టాం. మర్నాటికి ప్లేట్‌లెట్లు దబదబా పడిపోయాయి, కాలేయం అంకెలు ఎగిరాయి. నువ్వు చెప్పినట్టే వచ్చింది తుఫాను. కానీ మందు దానికంటే ముందు వచ్చి కూర్చుంది. ఇవాళ లేచి వరండాలో నడిచాడు, నడుస్తూ నాకు దారివ్వకుండా "ముందుకి జరగండి సార్" అన్నాడు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

పెద్ద డాక్టరుగారు ఇవాళ రౌండ్సులో జూనియర్లందరినీ నిలబెట్టి, "ఈఎస్ఆర్ దిగిందని సంబరపడ్డవాణ్ణి నా వార్డులోంచి పంపించేస్తాను. భాగించారా? భాగించి మాట్లాడండి!" అని ఉపన్యాసమిచ్చారు. అది తన సొంత తెలివే అన్నట్టు చెప్పారు. నీకు కోపం రాకూడదు, ఆయనకి అలా చెప్పుకుంటేనే నమ్మకం కుదురుతుంది.

ఈసారి పెట్టెలో మొత్తం ట్యూబులు వచ్చాయో లేదో సరిచూసుకో. నీలం తొమ్మిదికి రావాల్సిన మందుల కౌంటరాయన సెలవు పెట్టాడు. ఆ చీటీ ఖాళీగా పోకుండా ఇంకొకరిని సర్దాను. ఉత్తరం చిన్నదైతే ఏమనుకోకు, వేళ్లు పట్టేసినట్టున్నాయి. నీ అంకెలు రాసీ రాసీ అనుకో.

ఇంకా చాలామంది దక్కుతారక్కా. నాకు ఆకలి లేదు, నిద్ర లేదు, అంతా ఉత్సాహమే.

పిడుగు

*

ల్యాబు,
సోమవారం.

పిడుగూ,

కండక్టరు సంగతి చదివి మీ బావ చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన చేతిలో బీరువా తాళాలగుత్తి ఉంది, అది కిటికీలోంచి బయట పడింది. ఇంతకంటే రాయాలనుంది కానీ నాకిప్పుడు ముక్కు మీద కోపం ఉంది.

నువ్వు ట్యూబులు తారుమారు చేశావు. నీలం తొమ్మిదిలో ఉన్నది ఆరోగ్యవంతుడి రక్తం కానే కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఫెరిటిన్ మూడు వందలు దాటదు. ఇది ఇరవై వేల పైన ఉంది! మొదట మిషను పాడైందనుకున్నాను. కడిగాను. పలచన చేసి మళ్లీ పెట్టాను. వేరే మిషను మీద పెట్టాను. ఎక్కడ పెట్టినా అదే. నువ్వు రాసిన ఈఎస్ఆర్ పద్దెనిమిది. భాగిస్తే కండక్టరుని మించిపోయింది.

పసుపు చీటీ అంటించాల్సిన ట్యూబుకి నీలం అంటించావు, అంతే. గంతులేస్తూ చీటీలు అంటిస్తే ఇలాగే ఉంటుంది. ఒక్క చీటీ తారుమారైతే మొత్తం పని మీద మన్ను పోసినట్టే. అదీ కాక, ఆ రక్తం ఏ పసుపు మనిషిదో, వాడికి మందు అందుతోందో లేదో. ఫోను చేస్తే నువ్వు ఎత్తలేదు. పప్పులో కాలేశావని ఒప్పుకుని, అది ఎవరిదో వెంటనే రాయి.

మీ అక్క

*

వార్డు,
గురువారం.

అక్కా,

నేను తారుమారు చెయ్యలేదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏది పగిలినా నేనే అనేదానివి. అలవాటు మానలేదు.

పసుపు మనుషులందరి ట్యూబులూ లెక్క ప్రకారం నీకు వచ్చాయి. నీలం తొమ్మిది నా కళ్ల ముందే నిండింది, చీటీ నేనే అంటించాను. అది వేరే ఎవరిదో అయ్యే ప్రసక్తే లేదు. ఆ మనిషికి ఏమీ లేదు. నెల కిందట ఈఎస్ఆర్ ఎనభై ఉండేది, తర్వాత నలభై, ఇప్పుడు పద్దెనిమిది. పూర్తిగా తేరుకున్నాడు. లేచి తిరుగుతున్నాడు, పని చేసుకుంటున్నాడు. సాయంత్రాలు కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, అది అలసట.

నీ మిషనే ఏదో తిన్నది అరక్క ఇలా చేస్తోంది. ఇంకోసారి కడుక్కో.

కోపంగా లేను. అలిసిపోయాను, అంతే. గీతలు వంకరపోతే ఏమీ అనుకోకు.

పిడుగు

*

ల్యాబు,
శుక్రవారం.

ఒరేయ్,

నీలం చీటీ మనిషికి నెల కిందట ఈఎస్ఆర్ ఎందుకు చేశారు?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఎవరూ ఈఎస్ఆర్ చెయ్యరు. అది ఎనభై ఉందని, నలభై అయిందని, వారం వారం ఎవరూ చూసుకోరు. భయం ఉన్నవాడే చూసుకుంటాడు. సాయంత్రాలు వాడి ఒళ్లు వెచ్చబడుతుందని నీకెలా తెలుసు? గొంతు పట్టేసిందన్నావు. వేళ్లు పట్టేశాయన్నావు. ఆకలి లేదన్నావు. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరుచుకుని చూస్తే అక్షరాలు వారం వారం పెద్దవై, వంకరపోయి, ఈ చివరిది చంటిపిల్లాడి రాతలా ఉంది.

ఎనభై, నలభై, పద్దెనిమిది. ఇది టైలరమ్మ అంకె మెట్లు దిగినట్టే దిగింది. ఈ లోకంలో ఈ మెట్లు చూసి భయపడటం తెలిసిన డాక్టరువి నువ్వే. ఆ నువ్వే నీ విషయంలో నార్మల్ అనుకుని సంతోషించావు!

మెట్లెక్కి వెళ్లి ఫోను చేశాను. ఎత్తలేదు. పెద్ద డాక్టరుగారికి చేశాను. ఆయన ఐసీయూలో ఉన్నారట, కబురు పెట్టాను. ఈ ఉత్తరం పెట్టెలో పెట్టడం లేదు. వ్యాను నడిపే అన్న ఇంజను ఆపలేదు, పక్కసీటు ఖాళీగా ఉందట. నేనే తెస్తున్నాను.

అక్క

*

వార్డు, కిటికీ పక్క మంచం,
ఆదివారం.

వదినా,

ఈసారి పెట్టెలో ఉత్తరం నాది. మీ తమ్ముడు పెన్ను పట్టుకునే స్థితిలో లేరు. ట్యూబు మీద చీటీ కూడా నేనే రాశాను. వ్యాను అన్న రోజూ వస్తానన్నాడు, వారానికోసారి వచ్చే మనిషి.

మీరు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన ఎవరి మంచం పక్కనో నిలబడి రౌండ్సు చేస్తున్నారట. మీరు పలకరించకుండానే, అందరి ముందూ, చొక్కా చెయ్యి పైకి లాగారట. మోచేతి దాకా ఎర్రటి మచ్చలు. వదినా, ఆ మచ్చలు నేను ఇంట్లో చూశాను. సాయంత్రం వచ్చేవి, పొద్దున్నకి పోయేవి. "చెమటకాయలు, నువ్వు గీసే పువ్వుల్లా ఉన్నాయి కదూ" అని నవ్వించారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు నా మీద నాకే కోపంగా ఉంది.

పెద్ద డాక్టరుగారు అప్పటికప్పుడు మంచం వేయించి మందు మొదలుపెట్టారు. నిన్న మీరు వెళ్లాక రాత్రికి ఈఎస్ఆర్ ఇంకా దిగింది, నాలుగు. జిగురంతా అయిపోయిందన్నారు. ఆయనకి పూర్తి స్పృహ లేదు. ఒకసారి కళ్లు తెరిచి, "నీలం తొమ్మిది తీసెయ్యమని అక్కకి చెప్పు, లెక్క పాడవుతుంది," అన్నారు. ఇలాంటి మనిషితో ఎలా వేగేది చెప్పండి.

ఒక మాట అనాలి, మనసులో పెట్టుకోలేను. మీరు రెండు రోజులున్నారు, అందరితో గట్టిగా మాట్లాడారు, మందులు చూశారు, నాకు తినిపించారు. ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. తిరిగి ల్యాబుకి వెళ్లిపోయారు. అక్కడ మిషను మీరే నడపాలని తెలుసు. అయినా మనసు కష్టపడింది. రాస్తే తేలిక పడుతుందని రాశాను, ఏమీ అనుకోకండి.

ఇవాళ ట్యూబు పంపుతున్నాను. ఏం కనిపిస్తే అదే చెప్పండి. దాచొద్దు.

మీ మరదలు

*

ల్యాబు,
ఆదివారం సాయంత్రం.

అమ్మాయీ,

అనుకోవడానికేముంది, నువ్వు అనాల్సిన మాటే అన్నావు. నా చెయ్యి వణికితే శాంపిల్ తప్పు పడుతుంది, అంకె తప్పు వస్తుంది, ఆ తప్పు అంకె చూసి అక్కడ వాడికి మందు తక్కువో ఎక్కువో వేస్తారు. అందుకని వణకడం వాయిదా వేసుకున్నాను. ఇంతకంటే వేరే కారణం లేదు.

దాచొద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇవాళ్టి అంకె దిగలేదు. పెరగలేదు కూడా. ఆగింది. మందు మొదలయ్యాక ఫెరిటిన్ ఎంత చురుగ్గా దిగుతుందో దాన్ని బట్టే మనిషి గట్టెక్కుతాడో లేదో చెప్పగలం. సగానికి దిగితే చాలు, నేను ఊపిరి తీసుకుంటాను. మందు పని చెయ్యడానికి ఇంకా సమయం ఉంది. పెద్ద డాక్టరుగారు రెండో మందు కూడా కలుపుతామన్నారు, నేను సరేనన్నాను.

రేపటి ట్యూబు ఎంత పొద్దున్నే పంపితే అంత మంచిది. వాడి చెవిలో చెప్పు, లెక్క పాడవ్వలేదని. తిట్టడానికి నేను కాచుకుని కూర్చున్నానని కూడా చెప్పు, ఆ మాటకైనా లేస్తాడు.

వదిన

*

వార్డు,
మంగళవారం.

వదినా! వదినా!

మీ ఫోను వచ్చినప్పుడు నేను పెద్దగా అరిచానట, పక్క వార్డు వాళ్లు కూడా వచ్చేశారు. సగానికి కూడా కాదు, సగంలో సగానికి దిగిందన్నారు కదా! మీ గొంతు వీధి హోరులో సరిగ్గా వినబడలేదు. "మళ్లీ చెప్పండి" అని మూడుసార్లు చెప్పించుకున్నది మాత్రం వినబడక కాదు, ఇష్టమై.

ఇక్కడేం జరిగిందో మీరు చూడాల్సింది. ఈఎస్ఆర్ గొట్టం మంచం పక్కన బల్ల మీదే నిలబెట్టారు. ఈసారి ఎర్రది బాగా దిగి అంకె పెరగాలి, అప్పుడు జిగురు మళ్లీ పుట్టినట్టు లెక్క అని పెద్ద డాక్టరుగారు అందరికీ చెప్పారు. అంతే, గంటసేపు వార్డంతా ఆ సన్నటి గొట్టం ముందు చేరింది. నర్సమ్మ, జూనియర్లు, చెకప్పుకి వచ్చిన కండక్టరు. పైన పసుపుపచ్చటి నీళ్లు కొంచెం తేరుకున్నాయి, ఎర్రది కొంచెం దిగింది. "దిగమ్మా, దిగు," అని పెద్ద డాక్టరుగారు రక్తాన్ని బతిమాలుతున్నారు! కండక్టరు "కిందికి జరగండి, కిందికి జరగండి" అంటున్నాడు. గంటయ్యాక చూస్తే ఇరవై ఆరు. ఈఎస్ఆర్ పెరిగిందని చప్పట్లు కొట్టిన ఆసుపత్రి ఇంకెక్కడైనా ఉందా వదినా?

ఆ చప్పట్లకి ఆయన కళ్లు తెరిచారు. చుట్టూ చూసి, "ఎవరు గెలిచారు?" అన్నారు. నేను ఏడ్చేశాను. అందరి ముందూ, వెక్కి వెక్కి.

మొన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ మరదలు

*

ఇల్లు, వరండా కుర్చీ,
గురువారం.

అక్కా,

రాత చూడు, గీతల మధ్యలోనే ఉంది. కాబట్టి తిట్లు మొదలుపెట్టొచ్చు, తట్టుకునే ఓపిక వచ్చింది. ఒక్కటి నేనే ముందు చెప్పేస్తాను: జ్వరం వచ్చే వేళకి మాత్ర వేసుకుని, ఈఎస్ఆర్ దిగుతోంది కదా అని నాకు నేనే ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చుకున్నాను. పనికి అడ్డం పడకూడదనుకున్నాను. ఇతరుల విషయంలో పట్టపగలులా కనిపించేది నా విషయంలో కనిపించలేదు. భయం వేసి కనిపించలేదేమో. నీ మరదలు నెల నుంచి నా చొక్కా చేతులన్నీ పైకి మడిచే ఉంచుతోంది.

కానీ అక్కా, ఘోరమైన అన్యాయం జరిగిపోయింది! పెద్ద డాక్టరుగారు ఇవాళ వచ్చి చెప్పారు. జబ్బుందని తేలింది కాబట్టి నీలం వాళ్లలోంచి నన్ను తీసేయాలట. నీలం చీటీతో మొదలయ్యాను కాబట్టి పసుపు వాళ్లలో కలపకూడదట. మన ఫలితాలు అచ్చయ్యేటప్పుడు నేను ఎక్కడా ఉండనట! ఇంత కష్టపడి చావు దాకా వెళ్లొచ్చి, అంత చక్కటి అంకె తెచ్చి పెడితే, కనీసం ఒక చుక్కగా కూడా వెయ్యరా? ఇలాంటి చుక్క మీకు మళ్లీ దొరుకుతుందా? గట్టిగా పోట్లాడు.

మిగతా పని ఆగలేదు కదా? జూనియర్లు ప్రతి పసుపు చీటీకీ భాగహారం చేసి గోడ మీద రాస్తున్నారట. పోయిన వారం ఇంకో ఆవిణ్ణి ముందే పట్టుకున్నారని విన్నాను. నా వల్ల అని ఎవరూ అనరు, నేను మాత్రం అనుకుంటున్నాను.

పిడుగు

*

ల్యాబు,
సోమవారం.

పిడుగూ,

పోట్లాడను. పెద్ద డాక్టరుగారు చెప్పింది న్యాయం. నీలం తొమ్మిది లెక్కలో ఉండదు. అచ్చయ్యే బొమ్మలో నీ చుక్క ఉండదు. నా గది గోడ మీద బొమ్మలో ఉంది, పెన్సిలుతో పెట్టాను, అందరికంటే పైన. మీ బావ చూసి, "ఇది మనవాడు కదూ," అన్నాడు. పెన్సిలు తీసుకుని దాన్ని ఇంకాస్త నల్లగా దిద్దాడు.

తిట్లు రాద్దామని రెండు కాగితాలు తీసుకున్నాను. ఒక్కటీ రాలేదు. నీ అదృష్టం బాగుంది.

నువ్వు ఉత్తరంతో పాటు పెట్టెలో ఒక ట్యూబు పెట్టావు, దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. నీలం చీటీ లేదు, పసుపు చీటీ లేదు, నంబరు లేదు. మరదలి రంగు పెన్సిలుతో, పొట్టి తోకలున్న అక్షరాల్లో, పిడుగు అని రాసి ఉంది. మిషనుకి పేర్లు అక్కర్లేదు, నంబరు ఇవ్వందే పని చెయ్యనంటుంది. దానికి ఏదో అంకె కొట్టి ఊరుకోబెట్టి లోపల పెట్టాను.

నార్మల్ అని వచ్చింది. నమ్మలేదు. ట్యూబుకి చుట్టిన కాగితం మీద ఉన్న ఈఎస్ఆర్ తీసి భాగించాను. నార్మల్. మిషను కడిగి మళ్లీ పెట్టాను. పక్క మిషను మీద కూడా పెట్టాను. పేరున్న ట్యూబుని అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా తారుమారు కాలేదు. నీదే.

ఇంక కొలవడానికేమీ మిగల్లేదు. చేతి తొడుగులు విప్పేసి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. మరదలికి చెప్పు.

మీ అక్క